గడ్డి పెట్టే టీచరు

"టీచర్, మీరు టోపీ మర్చిపోయారు!"

ఆ మాట అన్నది పరక. అడిగితే తప్ప, ఒక్కోసారి అడిగినా సరే, నోరు విప్పని పిల్ల. గడ్డిపరకలా సన్నగా ఉంటుందని పక్క బెంచీ వాడు పెట్టిన పేరది, తర్వాత టీచర్లకి కూడా అదే అలవాటైపోయింది. అయిదో క్లాసు ఆ పిల్లకి ఇది రెండోసారి.

టీచర్ తల తడుముకుంది. "నాకు టోపీ ఎక్కడిదే?"

"మీకు కాదు టీచర్, వాముకి!"

తాడు పట్టుకుని గడ్డివాము చుట్టూ నిలబడ్డ పిల్లలందరూ ఒకటే నవ్వు. టీచర్ కూడా నవ్వింది, నవ్వుతూనే తలెత్తి చూసింది, చూస్తే నిజమే! పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు, గోడలా నిటారుగా ఉన్నంత వరకు ఎత్తు ఐదు, మూడూ గుణించేసి మూడొందల ఘనపుటడుగులని యార్డు గోడ మీద సుద్దతో దర్జాగా రాసేసింది. దానిపైన ఇంటికప్పులా రెండు వైపులా వాలుగా ఇంకో రెండడుగుల గడ్డి ఉంది. వాన పడితే నీళ్ళు జారిపోవడానికి వేసిన గడ్డి. అది లెక్కలోకే రాలేదు.

"సరే, ఆ టోపీలో ఎంతుందో నువ్వే చెప్పు."

పరక కళ్ళు మూసుకుంది. గౌను అంచు మీద వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంటోంది. "వాలుగా ఉంది కాబట్టి సగమే గడ్డి, సగం గాలి... అరవై టీచర్. మొత్తం మూడొందల అరవై. కట్టకి మూడడుగుల చొప్పున తీస్తే... నూట ఇరవై కట్టలు."

టీచర్‌కి ఒళ్ళు ఝల్లుమంది. నల్లబల్ల మీద ఆరు ఐదులెంత అంటే నేల చూపులు చూసే పిల్ల ఇది! ఎక్కాలు వల్లె వేయించి వేయించి గొంతు పోయాక, ఇంక ఏం చెయ్యాలో తోచక, ఒకరోజు స్కూలు గోడకి పడిన కంతలోంచి పక్కనున్న గడ్డి యార్డులోకి దూరి ఒక కట్ట అడిగి తెచ్చి టేబుల్ మీద పడేసింది టీచర్. అక్కణ్ణుంచి మొదలు. కట్టని విప్పి సగాలూ పావులూ చేస్తే భిన్నాలు. పచ్చిగడ్డి తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూస్తే సైన్సు. ఈ గడ్డి ఏ ఊళ్ళ నుంచి వస్తుందో దారి గీస్తే సోషల్. పిల్లలు ఇంటికెళ్ళి "మా టీచర్ రోజూ గడ్డి పెడుతోంది" అని చెప్పడం, తల్లులు గేటు దగ్గరికొచ్చి "మా పిల్లల్ని రోజూ ఎందుకమ్మా అలా తిడుతున్నావ్" అని నిలదీయడం, హెడ్‌మాస్టారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వడం, అదొక పెద్ద కథ.

"ఏయ్ పిల్లా, ఇటు రా."

పిలిచింది షావుకారు, యార్డు ఆయనదే. రేకుల షెడ్డు కింద కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇందాకట్నుంచీ వీళ్ళనే చూస్తున్నాడు.

పరక కదల్లేదు. టీచర్ వెనకనుంచి రెండు భుజాల మీద చేతులు వేసి ముందుకి తోసింది. "వెళ్ళవే, భయమెందుకు? అడగండి సార్, ఏదైనా అడగండి!"

షావుకారు మూలనున్న పెద్ద వాము చూపించాడు. పరక తాడు తీసుకుని పరిగెత్తింది, కొలిచింది, తలెత్తి టోపీ చూసుకుంది, వచ్చి చెప్పింది. షావుకారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిన్నే లెక్కపెట్టి వేయించా. రెండంటే రెండు కట్టలే తేడా! మా గుమస్తా ఉన్నన్నాళ్ళూ ఇరవైకి తక్కువ తేడా ఎప్పుడూ రాలేదు. వాడు మానేసి పోయాక ఆ లెక్క కూడా లేదు. ఎవరి పిల్లవే నువ్వు?"

అటుగా నెత్తిన మోపుతో పోతున్న హమాలీ ఆగాడు. మోపు కింద పడేసి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "నా కూతురేనండి."

అంటూ నడుం నిటారుగా చేశాడు. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ వంగే ఉండే మనిషి అలా నిలబడేసరికి టీచర్‌కి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇదీ! చదువంటే ఇదీ! అనుకుంది.

క్లాసుకి తిరిగి రాగానే పరక కిటికీ దగ్గరికి పోయింది. అక్కడొక గాజు సీసా ఉంది, అందులో కుంటనీళ్ళు, నీళ్ళలో గుప్పెడు ఎండుగడ్డి. కొన్నాళ్ళు అలా వదిలేస్తే అందులో కంటికి కనపడని ప్రాణులు పుడతాయని, మైక్రోస్కోపులో చూస్తే ఈదుతూ కనిపిస్తాయని టీచర్ చెప్పిన దగ్గర్నుంచి ఆ పిల్లకి అదే ధ్యాస.

"ఇంకా రాలేదా టీచర్?"

"ఓపిక పట్టవే తల్లీ. శనివారానికి రావచ్చు."

"అవి ఎండుగడ్డిలో ముందే ఉన్నాయా? నిద్రపోతున్నాయా?"

"నిద్రే అనుకో. నీళ్ళు తగిలితే లేస్తాయి."

పరక సీసాకి ముక్కు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

మర్నాడు పరక రాలేదు. జ్వరమేమో అనుకుంది టీచర్. ఆ మర్నాడు హాజరు పిలుస్తుంటే, ఊరంతా వినపడేలా మాట్లాడతాడని అందరూ మైకు అని పిలిచే కుర్రాడు లేచాడు.

"పరక ఇంక రాదు టీచర్. ఉద్యోగం వచ్చేసింది!"

"ఏం ఉద్యోగంరా?"

"గుమస్తా! కూర్చోడానికి సీటు కూడా ఇచ్చారంట!"

క్లాసంతా గొల్లుమంది. టీచర్ చేతిలో పెన్ను చేతిలోనే ఉంది. ఇంటర్వెల్ బెల్ కొట్టారో లేదో గోడ కంతలోంచి యార్డులోకి దూరింది, చీర కొంగు ఇటుకకి పట్టుకుంటే లాక్కుంది, పర్రుమని చిరిగింది, చూసుకోలేదు.

కాటా పక్కన బోర్లించిన చెక్కపెట్టె మీద పరక కూర్చుని ఉంది. కాళ్ళు నేలకి అందట్లేదు. మెడ నిండా గడ్డి నూగు, గోక్కుని గోక్కుని ఎర్రగా కందిపోయింది. హమాలీలు మోపుని కొక్కేనికి తగిలిస్తున్నారు, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి పరక గట్టిగా అరిచి చెబుతోంది, వెనకనున్న గోడ మీద సుద్దతో గీతలు గీస్తోంది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఐదైదుల కట్ట. తను నేర్పిన పద్ధతే.

"రండి రండి టీచరమ్మా!" షావుకారు కుర్చీలోంచి లేచి మరీ పిలిచాడు. "మీ స్కూలు ఇన్నేళ్ళలో చేసిన మంచి పని ఇదొక్కటే."

"సార్, అది చిన్నపిల్ల. చదువుకోవాల్సిన పిల్ల. చిన్నపిల్లలతో పని చేయించడం నేరం సార్!"

"పనా? ఏం పని? మోపు ఎత్తమన్నానా? నీడలో కూర్చోబెట్టా. తండ్రి కళ్ళముందే ఉంది. ఏరా, నేనేమన్నా బలవంతం చేశానా?"

పరక తండ్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పరుగంటే పరుగు కాదు, కుడికాలు ఈడ్చుకుంటూ. "లేదండి, లేదు బాబూ." టీచర్ని కాస్త పక్కకి రమ్మన్నాడు. వాము చాటుకి వెళ్ళాక గొంతు తగ్గించాడు. "టీచరమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, గొడవ చెయ్యకండి. ముందు నన్ను పంపించేస్తారు."

"మరి పిల్ల చదువో?"

"చదువెందుకమ్మా? లెక్క రావడానికే కదా? వచ్చేసిందిగా! పోయినేడు ఒక్క ముక్క రాలేదు, తప్పింది. నేనేమన్నా అన్నానా? మళ్ళీ అదే క్లాసుకి పంపించా, రావాలి కదా అని. ఇప్పుడు మీ పుణ్యమా అని వచ్చింది. వచ్చాక కూడా అక్కడే కూర్చుని ఏం చేస్తుంది?"

టీచర్ నోరు తెరిచింది.

"నా మోకాళ్ళు చూడండి," అన్నాడు తండ్రి పంచె కాస్త పైకి లాగి. రెండూ వాచి గుండ్రంగా ఉన్నాయి. "ఇవి ఇంకెన్నాళ్ళు మోస్తాయో నాకే తెలీదు. నేను కూలబడే లోపు అది ఆ సీటులో కుదురుకుంటే చాలమ్మా. నా కూతురు నెత్తి మీద మోపు ఎత్తకుండా బతుకుతుంది."

ఇది తప్పని ఎలా చెప్పాలి? ఏ పుస్తకంలో ఉంది దీనికి జవాబు?

వెనక్కి వస్తుంటే పరక పెట్టె దిగి ఎదురొచ్చింది. ఏడుస్తుందేమో, తీసుకుపొమ్మంటుందేమో అనుకుంది టీచర్. పరక అలాంటిదేం అనలేదు.

"టీచర్, సీసాలో వచ్చాయా?"

"ఇంకా లేదు."

"నీళ్ళ మీద తెట్టు కట్టిందా?"

"కట్టింది."

"ఎవరూ కదిలించకుండా చూడండి టీచర్. మైకుగాడు వేలు పెడతాడు." అంతలో కాటా దగ్గర కేక వినపడి పరిగెత్తింది.

హెడ్‌మాస్టారు అంతా విన్నారు. విని టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్‌ని గుండ్రంగా తిప్పారు.

"బాధపడతావేంటమ్మాయ్? నీ పద్ధతి సక్సెస్ అయితేనూ!"

"సక్సెస్ ఏంటి సార్? పిల్ల బడి మానేసింది!"

"మానేసి ఏ రోడ్డు మీదో తిరగట్లేదు కదా. కేసంటావా, పెట్టు. తండ్రి పని పోతుంది, రేపట్నుంచి పిల్ల ఆ సీటు మీద కాదు, తండ్రితో పాటు మోపుల కిందుంటుంది. అది కావాలా నీకు?" పేపర్‌వెయిట్ ఆగింది. "షావుకారు పొద్దున వచ్చారు. శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంది కదా, యార్డులోనే పెడదామంటున్నారు. అందరి ముందూ పరకతో వాము లెక్క చెప్పిస్తారట. నిన్ను కూడా పొగుడుతారు, మంచి చీర కట్టుకుని రా."

ఆ సాయంత్రం నుంచీ గేటు దగ్గర తల్లులు ఆగడం మొదలుపెట్టారు. మొన్నటిదాకా పిల్లల్ని తిడుతోందని నిలదీసినవాళ్ళే. మైకు వాళ్ళమ్మ అయితే ఏకంగా టీచర్ చెయ్యి పట్టుకుంది. "మా వాడికీ ఆ గడ్డి లెక్క నేర్పించమ్మా, నీకు పుణ్యముంటుంది. పక్క యార్డులో కూడా మనిషి కావాలంటున్నారు. ఈ ఏటితో వీణ్ణి మానిపించేస్తా."

ఇంకొకామె వెనకనుంచి, "మా దానికి ముందు నేర్పమ్మా, అది పరక కన్నా పెద్దది!" అంది.

టీచర్ నవ్వబోయింది, మొహం కదల్లేదు. ఖాళీ క్లాసులోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. గోడ నిండా పిల్లలు వేసిన గడ్డి బొమ్మలు, భిన్నాలు, దారులు. ఎంత బాగా నేర్పితే అంత తొందరగా ఖాళీ అవుతుంది ఈ గది. నేర్పకపోతే తప్పుతారు, నేర్పితే పోతారు. తను ఇన్నాళ్ళూ తలుపులు తెరుస్తున్నాననుకుంది, పిల్లల్ని కట్టలు కట్టి కాటాకి ఎక్కిస్తోంది. పరక భుజాల మీద వేసి తోసిన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. వాటికేసి చూడబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున్నే పరక బడికి వచ్చింది. మీటింగ్ కోసమని తండ్రే తీసుకొచ్చి దింపాడు. తలకి నూనె పెట్టి బిగించి జడలేశారు, ఉతికిన గౌను తొడిగారు. క్లాసులో అప్పటికింకా ఎవరూ లేరు. తిన్నగా కిటికీ దగ్గరికే పోయింది. సీసాలో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి, వాసన గుప్పుమంటోంది. పక్కన బల్ల మీద మైక్రోస్కోపు ఉంది, టీచర్ ముందురోజే హెడ్‌మాస్టారి బీరువాలోంచి తీయించి దుమ్ము దులిపింది.

"ఇప్పుడు చూద్దామా టీచర్?"

బయట బెల్లు కొట్టారు. హెడ్‌మాస్టారు కేకేస్తున్నారు, అందరూ వచ్చేశారు రమ్మని.

"మీటింగ్ అయ్యాక చూద్దాంలే."

"అయ్యాక నేను కాటా దగ్గరికి పోవాలి కదా."

పరక సీసా మూతని గట్టిగా బిగించింది, మళ్ళీ కాస్త వదులు చేసింది, గాలి ఆడాలని టీచర్ చెప్పింది గుర్తొచ్చి.

"టీచర్, లెక్క తప్పితే మళ్ళీ ఇదే క్లాసు చదవాలి కదా?"

"ఆఁ."

"ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లూనా?"

"ఆఁ, పద పద, పిలుస్తున్నారు," అంది టీచర్ ధ్యాసంతా బయటే పెట్టుకుని.

యార్డులో కొత్త వాము చుట్టూ జనం మూగారు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని, తండ్రులు గోడకి ఆనుకుని, హమాలీలు మోపులు దింపి వాటి మీదే కూర్చుని. షావుకారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పరక తండ్రి ముందు వరసలో, చేతులు కట్టుకుని, ఆ రోజులాగే నిటారుగా.

పరక కొలిచింది. మైకు తాడు పట్టుకుని కొలతలు అందరికీ వినపడేలా అరిచాడు. పొడవు పన్నెండు, వెడల్పు ఐదు, ఎత్తు ఆరు, పైన వాలు రెండు. టీచర్ మనసులోనే వేసేసుకుంది. మూడొందల అరవై, టోపీకి అరవై, మొత్తం నాలుగొందల ఇరవై. నూట నలభై కట్టలు.

"చెప్పవే పిల్లా," అన్నాడు షావుకారు.

పరక కళ్ళు మూసుకుంది. గౌను అంచు మీద వేళ్ళు కదిలాయి. కదిలి ఆగాయి.

"నూట ఇరవై."

టోపీ! టోపీ మర్చిపోయింది, అని పెదవి దాకా వచ్చింది టీచర్‌కి. వచ్చి అక్కడే ఆగిపోయింది. టోపీ కనిపెట్టిందే ఈ పిల్ల!

"కాదే, పొద్దున్నేగా దగ్గరుండి వేయించా. నూట నలభై. మళ్ళీ చూడు."

పరక తలెత్తి ఆ టోపీ వైపే చాలాసేపు చూసింది. తర్వాత టీచర్ వైపు చూసింది. "తొంభై," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. షావుకారు మొహం ముడుచుకుంది. "ఐదు ఆరులెంత?"

"ఇరవై... ఆరు."

ఇప్పుడు అందరూ నవ్వారు. పరక తండ్రి అటూ ఇటూ చూశాడు. "జనాన్ని చూసి బెదిరిందండి. నిన్నటిదాకా బాగానే చెప్పిందండి. చెప్పవే, చెప్పవే అమ్మా, నీకొచ్చు కదా!"

పరక నేల చూపులు చూస్తోంది, పోయినేడు నల్లబల్ల ముందు నిలబడ్డట్టే, అచ్చం అలాగే. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, అవి మాత్రం నిజం.

"ఏంటి టీచరమ్మా ఇది?" షావుకారు ఇటు తిరిగాడు. "ఆ రోజు చెప్పింది నిజమా, ఇవాళ చెప్పింది నిజమా?"

అందరి కళ్ళూ టీచర్ మీదే. పరక కళ్ళు కూడా. ఒక్క మాట చాలు. ఈ పిల్ల ఎంత తెలివైందో, ఎందుకు తప్పు చెబుతోందో ఒక్క మాటలో చెప్పేయొచ్చు. చెబితే తన పద్ధతి నిలబడుతుంది, తన పేరు నిలబడుతుంది. పిల్ల ఆ పెట్టె మీద కూర్చుంటుంది.

"ఇవాళ్టిదే నిజం సార్," అంది. "ఆ రోజు... జవాబులు నేనే ముందు చెప్పి బట్టీ పట్టించా. మూలనున్న వాముది కూడా. ఎన్ని కట్టలున్నాయో ముందే మీ మనుషుల్ని అడిగి తెలుసుకున్నా. స్కూలుకి పేరు వస్తుందని."

"ఏంటమ్మాయ్!" హెడ్‌మాస్టారు నోరు తెరిచారు. "మరి ఆ గడ్డి పాఠాలు, ఆ పద్ధతీ..."

"పని చెయ్యలేదు సార్. పిల్లకి ఏమీ రాదు." షావుకారు వైపు తిరిగింది. "ఈ నాలుగు రోజులూ కాటా దగ్గర గీసిన గీతల్లో కూడా ఎన్ని తప్పులున్నాయో సార్, ఒకసారి చూసుకోండి."

ఆ ఒక్క మాటతో షావుకారు చటుక్కున గోడ వైపు తిరిగాడు. ఐదైదుల కట్టలుగా, ఒక్క తప్పు లేకుండా, గోడంతా నిండి ఉన్నాయి గీతలు. చెప్పు తీసి వాటి మీద బరబరా రుద్దాడు. "తీసుకుపోరా దీన్ని! నా కొంప ముంచేది. ఇంకో పది సార్లు చదవనీ అదే క్లాసు, మొద్దు మొహంది!"

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకుని కదిలారు. "ఏదో అనుకున్నాం, అంతా వట్టి గడ్డే," అంటోంది మైకు వాళ్ళమ్మ, కొడుకు చెయ్యి పట్టి లాక్కుపోతూ. హెడ్‌మాస్టారు టీచర్ పక్కనుంచి పోతూ ఆగారు. "సోమవారం నుంచి క్లాసులో గడ్డిపోచ కనపడకూడదు. పుస్తకం, నల్లబల్ల, అంతే. ఆ తర్వాత సంగతి నేను రాసి పంపిస్తా, పైవాళ్ళు చూసుకుంటారు."

పరక తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని గోడ కంత దాటించి క్లాసు దాకా తీసుకొచ్చాడు. తిట్టలేదు. కొట్టడానికని చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, చివరికి తలుపు మీద ఆనించాడు. మోకాళ్ళు మళ్ళీ వంగాయి.

"మీరన్నా దానికి బాగా గడ్డి పెట్టండి టీచరమ్మా," అన్నాడు. "నాకు ఓపిక లేదు."

గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు, కాసేపు ఊపిరి తీసుకోడానికి.

టీచర్ సీసాలోంచి ఒక్క చుక్క తీసి గాజుపలక మీద వేసింది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కింది అద్దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. పరక ముందుకొచ్చి మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. ఆనించినదల్లా ఊపిరి బిగబట్టేసింది. ఆ పిల్ల వీపు మీద ఉతికిన గౌను బిగుసుకోవడం టీచర్‌కి కనిపించింది.

"ఉన్నాయా?"

"ఉన్నాయి టీచర్." గుసగుసగా. "లేచాయి."

"ఎన్ని?"

పరక తల తిప్పింది. గుమ్మంలో తండ్రి, తల గోడకి ఆనించి, వీళ్ళ వైపే చూస్తున్నాడు.

"లెక్కపెట్టడం రాదు టీచర్," అంది పరక, ఆయనకి వినపడేలా.

టీచర్ కూడా గుమ్మం వైపు చూసింది. తర్వాత గొంతు పెంచింది. "సిగ్గు లేదూ! ఇన్నాళ్ళ నుంచీ చెబుతున్నా, బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కదా? పది కూడా లెక్కపెట్టలేవా? ఏం తింటున్నావే నువ్వు, అన్నమా గడ్డా?"

తండ్రి గోడ పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ మెట్లు దిగుతున్నాడు. ఆ అడుగుల చప్పుడు గోడ కంత దాటేదాకా టీచర్ తిడుతూనే ఉంది, ఏం తిడుతోందో తనకే తెలీకుండా, చెంపల మీద కారేది తుడుచుకోకుండా. పరక మళ్ళీ కన్ను ఆనించింది. బల్ల కింద, గౌను అంచు మీద, ఒక్కో తిట్టుకీ ఒక్కో వేలు ముడుచుకుంటోంది. ఐదు అయ్యాయి. రెండో చెయ్యి మొదలుపెట్టింది.